పుట్టుకా, పొత్తా? – ఎక్స్-మెన్ కథలలో తెగని వివాదం

శ్రీకృష్ణదేవరాయల భువనవిజయంలో ఎనిమిదిమంది కవులు ఉండేవారని మనమందరం చిన్ననాటినుండి విన్నదే. ఐతే ఆ ఎనిమిదిమంది ఎవరెవరన్న ప్రశ్న వచ్చేసరికి పండితులలో ఏకాభిప్రాయం లేదు. పెద్దన, తిమ్మనల విషయంలో పేచీ లేదు. రాయలు 1509 నుండి 1529 వరకు రాజ్యమేలినాడు. రామరాజభూషణుడు తన వసుచరిత్రను అటుపిమ్మటి కాలంవాడైన తిరుమలదేవరాయలకు అంకితమిచ్చినాడు. మరి ఆయనను రాయల సభలో ఏ పీటమీద కూర్చుండబెట్టడం? పింగళి సూరన విషయంలోను, తెనాలి రామకృష్ణుని విషయంలోను ఇట్టి సందేహాలే ఉన్నవి. ఈ చర్చ వలన ఎవరికీ దమ్మిడీ లాభం లేదు. అయినను సాహిత్యాన్ని ప్రేమించినవాడెవడూ దీనిని వ్యర్థమనడు. తనకు ప్రియమైనదానిని సరిగా ఎరిగి ఉండవలెనన్న తహతహయే ఈ చర్చకు ప్రాణం.

ఇట్టి చర్చయే ఒకటి సముద్రాల కవతల, అమెరికా దేశపు బొమ్మల కథల పాఠకుల మధ్య అరవై ఏండ్లనుండి సాగుతున్నది. అక్కడ సభలో కూర్చున్నవారు కవులు కారు. కన్నులనుండి కిరణాలు వెలువరించేవారు, గోడలలోనుండి దూసుకుపోయేవారు, చేయి తాకకుండ ఇనుమును వంచేవారు. ఫలానా వీరుడు మ్యూటంట్ అగునా, కాదా? ఫలానా వీరురాలు ఎక్స్-మెన్ జట్టులో సభ్యురాలేనా? ఇవీ అక్కడి ప్రశ్నలు. ఈ వీరుల చలనచిత్రాలు నేడు తెలుగు మాటలతో మన ఊళ్ళలోనూ ఆడుతున్నవి. భోజనాల వేళ పిల్లలు ఈ పేర్లు చెప్పుకొని వాదులాడుకొంటూ ఉంటే, అసలు ఈ గొడవ ఏమిటని పెద్దలు విస్తుపోవడమూ కద్దు. ముఖ్యంగా వారికొరకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మ్యూటంట్ అన్న మాట సంగతి చూతము. ఇది శాస్త్రజ్ఞుల మాట. తల్లిదండ్రులలో లేని లక్షణం ఒకటి సంతానంలో హఠాత్తుగా పొడసూపితే దానికి మ్యుటేషన్ అని పేరు. తెలుగులో ఉత్పరివర్తనం అంటున్నాము. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో డచ్చి శాస్త్రజ్ఞుడు హ్యూగో డి వ్రీస్ ఒక జాతి పూలమొక్కలను పెంచి పరిశీలించి ఈ మాటకు ప్రచారం కల్పించినాడు. ఎక్స్ కిరణాలను ప్రసరింపజేసి పండ్లమీద వ్రాలే చిన్న ఈగలలో ఇట్టి మార్పులను కృత్రిమంగా పుట్టించవచ్చునని 1927 లో అమెరికా శాస్త్రజ్ఞుడు ముల్లర్ నిరూపించినాడు. ఆ కృషికే ఆయనకు 1946 లో నోబెల్ బహుమానం లభించినది. నిజానికి మనలో ప్రతివారూ తల్లిదండ్రులలో లేని కొన్ని పదుల జన్యుమార్పులతోనే పుడుతున్నాము. వాటిలో పెక్కింటివలన మేలూ లేదు, కీడూ లేదు. రెక్కలు మొలవడం మాత్రం కథలలోనే జరుగును.

అణుబాంబు చూచిన తరానికి ఈ మాట భయాన్నీ కుతూహలాన్నీ ఒకేసారి కలిగించినది. ఆ వాతావరణంలో, 1963 సెప్టెంబరు సంచికగా, న్యూయార్కులోని మార్వెల్ సంస్థ ఎక్స్-మెన్ అన్న కొత్త పత్రికను వెలువరించినది. కథ స్టాన్ లీ, బొమ్మలు జాక్ కర్బీ. అప్పటికే వారిద్దరూ కలసి అనేక వీరులను సృష్టించియున్నారు. ప్రతి వీరునికీ శక్తి ఎట్లా వచ్చినదో చెప్పవలె కదా! ఒకనికి గామా కిరణాలు తగిలినవి, నలుగురికి ఆకాశంలో విశ్వకిరణాలు సోకినవి, మరొక బాలుని అణుధార్మికత సోకిన సాలెపురుగు కరచినది. ఇంకెన్ని ప్రమాదాలను కల్పించడమని విసిగిపోయి, 'వీరు పుట్టుకతోనే ఇట్టివారు' అని చెప్పివేస్తే సరిపోవునని తోచినట్లు స్టాన్ లీయే తరువాత పలుమార్లు చెప్పుకొన్నాడు. పత్రికకు 'మ్యూటంట్లు' అనియే పేరు పెట్టదలచినాడట. ఆ మాట పిల్లలకు అర్థం కాదని ప్రచురణకర్త ఒప్పుకొనలేదట. ఆ విధంగా శ్రమ తప్పించుకొనడానికి వేసిన ఒక ఉపాయంనుండి ఇంత వివాదమూ పుట్టినది.

ఈ కథల ధర్మశాస్త్రం ప్రకారం శక్తిమంతులు మూడు తెగలు. పుట్టుకతోనే ప్రత్యేక జన్యువును ధరించి, సాధారణంగా యౌవనారంభంలో ఆ శక్తి బయటపడినవారు మొదటి తెగ. వీరే మ్యూటంట్లు. ఆ జన్యువుకు ఎక్స్ జన్యువని పేరు. మామూలు మనుష్యులుగా పుట్టి, ఏదో ప్రమాదం వలననో ప్రయోగం వలననో మార్పు చెందినవారు రెండవ తెగ. వీరిని మ్యూటేట్లు అంటారు. ఒక్క అక్షరం తేడా! దేవతలు, సముద్రగర్భవాసులు, అన్యగ్రహవాసులు మొదలైనవారు మూడవ తెగ. స్పైడర్-మాన్ రెండవ తెగవాడు. థోర్ మూడవ తెగవాడు. ఎక్స్-మెన్ తొలి శిష్యులైన సైక్లాప్స్, బీస్ట్, ఏంజెల్, ఐస్‌మాన్, మార్వెల్ గర్ల్ అను ఐదుగురూ, వారి గురువు ప్రొఫెసర్ జేవియరూ మొదటి తెగవారు. వీరిలో బీస్ట్ తండ్రి అణుకేంద్రంలో పనిచేస్తూ ధార్మికతకు గురియైనాడు. ప్రమాదం తండ్రికి జరిగినను కుమారుడు పుట్టుకతోనే అట్టివాడు గనుక మ్యూటంట్ అగును. పోలిక కలిగిన ప్రమాదమే స్వయంగా అనుభవించినవాడు కాడు. అభిమానులకు ఈ సూక్ష్మం కరతలామలకం.

శక్తి ఎట్లా వస్తేనేమి, ఇంత పట్టింపు ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. పట్టింపు కథలోనే ఉన్నది. విశ్వకిరణాలు సోకిన ఫెంటాస్టిక్ ఫోర్ అను నలుగురిని కథలోని జనం వీధులలో జయజయధ్వానాలతో ఎదుర్కొంటారు. వారికన్న తక్కువ శక్తి గల మ్యూటంట్ పిల్లవానిని రాళ్ళతో తరుముతారు. చేసినదానికి కాదు, పుట్టినందుకు ద్వేషిస్తారు. 1965 లో ఈ కథలలో సెంటినెల్స్ అను మహాయంత్రాలు ప్రవేశించినవి. అవి మ్యూటంట్లను ఆనవాలు పట్టి వేటాడడానికి నిర్మింపబడినవి. ఆనవాలు పట్టడమే వాటి పని గనుక, ఎవరు మ్యూటంట్, ఎవరు కారు అన్నది కథలోని మనుష్యులకు ప్రాణసంకటం. పత్రిక చదివి పక్కన పెట్టే పాఠకునికి అది ఆట. కథలోపల ఉన్నవానికి అది ఆట కాదు. ఈ రెంటి మధ్యనున్న దూరాన్ని మరువకుండ ఉంటేనే ఈ వివాదం రుచి తెలియును.

ఇక తగవులలోనికి వత్తము. వీటిలో మొదటిది సముద్రరాజు నేమర్ తగవు. బిల్ ఎవరెట్ అను చిత్రకారుడు 1939 లో సృష్టించిన పాత్ర ఇది. తండ్రి అమెరికా నావికుడు, తల్లి సముద్రగర్భంలోని అట్లాంటిస్ రాజకుమారి. సృష్టించిననాడు ఇతడు మ్యూటంట్ అన్న ఊహ ఎవరికీ లేదు. 1964 లో ఎక్స్-మెన్ ఆరవ సంచికలో ఇటు జేవియరు, అటు అతని ప్రత్యర్థి మాగ్నెటో, నేమర్ తమవాడే అయి ఉండునని తలచి అతనికొరకు పోటీపడినారు. 1990 లో వచ్చిన అతని పత్రిక అట్టమీదనే ఇతడు మార్వెల్ వారి తొలి మ్యూటంట్ అని ప్రకటించినారు. అభిమానులలో ఒక పక్షంవారు దీనిని ఒప్పుకోరు. రెండు జాతులకు పుట్టిన సంకరుడే గాని మ్యూటంట్ ఎట్లగును? గాలిలోనూ నీటిలోనూ ఊపిరి పీల్చగలగడం తల్లిదండ్రులిద్దరినుండి వచ్చినదే గదా అని వారి వాదం. ప్రతిపక్షంవారు అతని కాలి మడమలను చూపుతారు. అక్కడ చిన్న రెక్కలున్నవి, అతడు ఎగురగలడు. తండ్రి జాతిలో రెక్కలు లేవు, తల్లి జాతిలోనూ లేవు. ఇద్దరిలోనూ లేనిది పుట్టుకతో వచ్చినది గనుక, నిర్వచనం ప్రకారం మ్యూటంటే. ఈ వాదానికి జవాబు చెప్పడం కష్టం. ఐనను ఒక చిక్కు మిగులును. సృష్టించినవాడు తలపని గుణం ఆ పాత్రలో మొదటినుండి ఉన్నట్లా, పాతికేండ్ల తర్వాత వచ్చి చేరినట్లా?

ఈ చిక్కుకు అభిమానులు ఒక పేరు పెట్టినారు. పాత కథను కొట్టివేయకుండ, దాని వెనుక మరొక కారణం ఉన్నదని తరువాతి రచయిత చెప్పడాన్ని రెట్‌కాన్ అంటారు. ఒక పాత్రను అరవై ఏండ్లుగా పదులమంది రచయితలు వ్రాసుకొంటూ వస్తున్నప్పుడు ఇది తప్పదు. ఈ రెట్‌కాన్ దెబ్బలను అందరికన్న ఎక్కువగా తిన్నవారు కవలలైన వాండా, పియెత్రోలు. అనగా స్కార్లెట్ విచ్, క్విక్‌సిల్వర్.

వీరు 1964 లో మాగ్నెటో అనుచరులుగా, మ్యూటంట్లుగానే ప్రవేశించినారు. మరుసటి సంవత్సరమే అతనిని విడిచి, అవెంజర్స్ అను మరొక వీరుల జట్టులో చేరినారు. 1974 లో వీరి తల్లిదండ్రులు పాతకాలపు వీరదంపతులని చెప్పినారు. 1979 లో అది కాదన్నారు. 1983 లో మాగ్నెటోయే వీరి తండ్రి అని తేల్చినారు. తాము కొలిచి, వెరచి, విడిచిపోయిన దొరయే తమ తండ్రి అని తెలియడం గొప్ప ఘట్టం. ఆ బంధం మీద ముప్పది ఏండ్లు కథలు నడచినవి. 2014 లో ఒక మంత్రప్రయోగం ద్వారా ఆ రక్తసంబంధం లేదని బయటపెట్టినారు. 2015 లో వీరు అసలు మ్యూటంట్లే కారు, ఒక శాస్త్రజ్ఞుని ప్రయోగాల ఫలితమని చెప్పినారు. ఒక జన్మకు ఇన్ని జాతకాలు!

ఆ సంవత్సరాలలో కథ బయట జరిగిన సంగతి కూడ చెప్పుకోవలెను. ఎక్స్-మెన్ కథలను చలనచిత్రాలుగా తీసే హక్కు అప్పట్లో ఫాక్స్ సంస్థది. అవెంజర్స్ చిత్రాలు మార్వెల్ సంస్థ తానే తీస్తున్నది. 2014 లో ఫాక్స్ వారి చిత్రంలో క్విక్‌సిల్వర్ మ్యూటంట్. 2015 లో మార్వెల్ వారి చిత్రంలో అదే క్విక్‌సిల్వర్ ప్రయోగఫలితం. మ్యూటంట్ అన్న మాటయే అందులో వినరాదు. బొమ్మల కథలలో మార్పు కూడ ఆ సమయంలోనే రావడం చూచి, ఇది కథ కొరకు కాదు, ఒప్పందాల కొరకు జరిగినదని అభిమానులు పెక్కుమంది అనుమానించినారు. 2019 మార్చిలో డిస్నీ సంస్థ ఫాక్స్ చిత్రశాఖను కొనివేయడంతో హక్కులు ఒకే ఇంటికి చేరినవి. కవలలకు మాత్రం పాత జాతకం తిరిగి రాలేదు. 2005 నాటి ఒక పెద్ద కథలో దుఃఖంతో మతి తప్పిన వాండాయే ఒక్క వాక్కుతో లోకంలోని మ్యూటంట్లలో అధికసంఖ్యాకుల శక్తులను హరించినది. నాడు అది తన జాతికి తాను చేసుకొన్న ద్రోహంగా చదివినారు. పదేండ్ల తరువాత, ఆమె ఆ జాతిదే కాదన్నారు. అప్పుడు చదివి కంటతడి పెట్టినవారు ఇప్పుడు దానిని ఏమని చదువవలెను? అభిమానుల కోపం వెనుక ఉన్న బాధ ఇదియే.

మరొక తగవు ఒక బాలునిది. ఫెంటాస్టిక్ ఫోర్ దంపతులైన రీడ్, సూజన్‌లకు 1968 లో పుట్టిన ఫ్రాంక్లిన్ మహాశక్తిమంతుడు. ప్రమాదానికి గురియైనవారు తల్లిదండ్రులు. అతడు పుట్టుకతోనే శక్తి గలవాడు. బీస్ట్ విషయంలో చెప్పిన న్యాయమే ఇక్కడా వర్తించును గనుక అర్ధశతాబ్దిపాటు అతనిని మ్యూటంట్‌గానే ఎంచినారు. 2020 లో జేవియర్ స్వయంగా ఆ బాలునితో, నీవు మ్యూటంట్‌వు కావని చెప్పినాడు. తానూ అట్టివాడై ఉండవలెనన్న కోరికతో, తన శక్తిచేతనే, తనకు తెలియకుండ, తన ఒంటిలో ఆ జన్యువును కల్పించుకొన్నాడని తేలినది. మ్యూటంట్లందరూ ఒక దీవిలో తమ రాజ్యం కట్టుకొన్న కథాకాలమది. 2019 నుండి 2024 వరకు సాగిన ఆ ఘట్టంలో మ్యూటంట్‌గా పుట్టిన ప్రతివానికీ అక్కడ చోటున్నది. ఆ చోటు తనదనుకొన్న బాలునికి ఒక్క మాటతో వాకిలి మూసుకొన్నది. ఇది సబబా అన్న ప్రశ్నమీద పాఠకులు రెండుగా చీలినారు. తర్కం ఎటున్నను, ఆ బాలుని పక్షాన మాట్లాడినవారికి ఉన్న ఉద్వేగం ఆ ఎదుటివారికి లేకపోయినదని మాకు తోచును.

ఇందుకు ఎదురు దారిన నడచినది కమలా ఖాన్ కథ. జెర్సీ సిటీలో స్థిరపడిన పాకిస్తానీ ముస్లిం కుటుంబపు బాలిక. మిస్ మార్వెల్ అన్న పేరు ధరించిన వీరురాలు. 2013 లో ప్రవేశించినప్పుడు ఆమె ఇన్‌హ్యూమన్ అను మరొక జాతి వారసురాలు. 2022 నాటి టెలివిజన్ ధారావాహిక చివర ఆమె మ్యూటంట్ కావచ్చునన్న సూచన చేసినారు. 2023 లో బొమ్మల కథలలో ఆమెను చంపి, బ్రతికించి, రెండు జన్యువులూ ఉన్నవని ప్రకటించి ఎక్స్-మెన్ పక్షాన చేర్చినారు. కొందరు సంతోషించినారు, కొందరు ఆమెకు ఉన్న ఇల్లు చాలదా, మరొక ఇంటిపేరు ఎందుకన్నారు.

ఇంతవరకు చెప్పినది పుట్టుక సంగతి. సభ్యత్వం సంగతి వేరు. మ్యూటంట్లందరూ ఎక్స్-మెన్ కారు. అది అందరికీ తెలిసినదే. ఎక్స్-మెన్ అందరూ మ్యూటంట్లు కారన్నది మాత్రం కొత్తవారికి ఆశ్చర్యం కలిగించును. 1966 లోనే మిమిక్ అను యువకుడు జట్టులో చేరినాడు. తండ్రి ప్రయోగశాలలో రసాయనాల ప్రమాదం వలన ఎదుటివారి శక్తిని అనుకరించే గుణం అతనికి వచ్చినది. పుట్టుకతో వచ్చినది కాదు. 1985 లో వచ్చిన లాంగ్‌షాట్ మరొక లోకంలో కృత్రిమంగా తయారైన జీవి. అతడూ సభ్యుడే. జేవియర్‌కు సవతి సోదరుడైన జగ్గర్‌నాట్ శక్తి ఒక మాయామణినుండి వచ్చినది. 1965 లో జట్టుకు ఆజన్మశత్రువుగా ప్రవేశించిన అతడు సైతం తరువాతి కాలంలో జట్టులో చేరినాడు. ఎక్స్-మెన్ చిత్రాలతో ముడిపడి ప్రఖ్యాతుడైన డెడ్‌పూల్ మ్యూటంటేనని చాలామంది నమ్ముతారు. కాడు. అతని గాయాలు మానే శక్తి ప్రయోగశాలలో ఇచ్చినది.

ఈ వరుసలో మన దేశానికి చెందిన ఇద్దరిని తలచుకోవలెను. 2000 సంవత్సరంలో క్రిస్ క్లేర్‌మాంట్ అను రచయిత కలకత్తా యువకుడైన నీల్ షారాను, పోలీసు అధికారిణియైన కరీమా షాపందర్‌ను ఒకే కథాక్రమంలో ప్రవేశపెట్టినాడు. నీల్ అగ్నిశక్తి గల మ్యూటంట్; థండర్‌బర్డ్ అన్న పేరుతో జట్టులో చేరినాడు. కరీమా మ్యూటంట్ కాదు. ఆమెను శత్రువులు బలవంతంగా మ్యూటంట్లను వేటాడే సెంటినెల్‌గా మార్చినారు. అట్టి ఆమె తన సంకల్పబలంతో ఎదురుతిరిగి, ఎక్స్-మెన్ సరసన నిలిచి పోరాడినది. వేటాడడానికి తయారైన యంత్రం వేటాడబడేవారి పంక్తిలో కూర్చున్నది. సభ్యత్వానికి పుట్టుకయే ప్రమాణమైతే కరీమాకు చోటు లేదు. పొత్తు ప్రమాణమైతే ఆమెను మించిన సభ్యురాలు లేదు. కర్ణుని పాండవులలో లెక్కించవలెనా అన్న ప్రశ్న విన్న మనకు ఇందులోని ఇబ్బంది సులువుగానే అర్థమగును. రక్తం ఒకవైపు లాగును, ఉప్పు తిన్న ఋణం మరొకవైపు లాగును.

అవెంజర్స్ జట్టులో ఇంకొక విధమైన తగవున్నది. 1963 లో ఆ జట్టును స్థాపించినవారిలో హల్క్ ఒకడు. రెండవ సంచికలోనే అలిగి వెళ్ళిపోయినాడు. కెప్టెన్ అమెరికా 1964 లో నాలుగవ సంచికలో వచ్చినాడు. తరువాత హల్క్ స్థానంలో ఇతనికి స్థాపకసభ్యుని గౌరవం ఇచ్చినారు. పెండ్లినాడు లేనివానిని పెండ్లిపెద్దగా వ్రాసినట్లున్నదని ఒకరంటే, ఇల్లు నిలబెట్టినవాడే యజమాని అని ఇంకొకరంటారు. 1968 లో చేంజ్లింగ్ అనువాడు జేవియర్ వేషంలో జట్టును నడపి ప్రాణం విడిచినాడు. ఆ సంగతి 1970 లో గాని బయటపడలేదు. ఎవరూ ఎరుగకుండ సేవచేసి చనిపోయినవాడు సభ్యుడగునా? శిష్యులుగా చేరి శిక్షణ పొందుతున్నవారిని లెక్కలోనికి తీసుకోవలెనా? ఇట్టి ప్రశ్నలకు అంతు లేదు. 2021 లో జట్టులోని ఒక స్థానానికి పాఠకుల ఓట్లే తీసుకొన్నారు. పదిమంది అభ్యర్థులలో పొలారిస్ గెలిచినది. ఐతే ఆమె అంతకుముందు ఎన్నో ఏండ్లు ఆ జట్టులో ఉన్నదే!

ఈ వాదాలు మొదట సాగినది పత్రికల చివర అచ్చైన ఉత్తరాల పుటలలో. ఉత్తరాలంటే ఏమిటో మేము ఎరిగినవారమే. ఒక కీర్తన రాగాన్ని పొరపాటున వేరొకటిగా ప్రకటించినామా, మూడవనాటికి శ్రోతల జాబులు బల్లమీద ఉండును. తప్పు పట్టినవారిని కోపగించుకోవడం కన్న దగ్గర చేసుకోవడం మేలని స్టాన్ లీకి తెలుసును. ఆయన 1960 వ దశకంలో 'నో-ప్రైజ్' అన్న ఒక చమత్కారపు బహుమానం ప్రవేశపెట్టినాడు. కథలో తప్పు చూపడమే కాక, అది ఎందుకు తప్పు కాదో కూడ యుక్తిగా సమర్థించిన పాఠకునికి ఆ గౌరవం దక్కేది. 1967 నుండి అది ఒక కవరు రూపంలో వచ్చేది. కవరు విప్పితే లోపల ఏమీ ఉండదు! ఆ ఖాళీ కవరును భద్రంగా దాచుకొన్నవారు ఎందరో.

ఆ పాఠకులలోనుండే పండితులూ పుట్టినారు. మార్క్ గ్రూన్‌వాల్డ్ అను యువకుడు 1970 వ దశకంలో ఈ కథల సంగతసంగతాలను చర్చించే చిన్నపత్రికను సొంతంగా నడిపినాడు. మార్వెల్ వారు అతనిని ఉద్యోగంలోనికి తీసుకొన్నారు. 1983 సంవత్సరారంభపు సంచికతో మొదలైన పాత్రల నిఘంటువు అతని పూనికతోనే వెలువడినది. ప్రతి పాత్రకూ అసలు పేరు, వృత్తి, బంధువులు, శక్తి, ఏ జట్టుకు చెందినది అన్న వివరాలు క్రమంగా ఇచ్చినారు. అభిమానులకు అది ధర్మశాస్త్రమైనది. అతడు 1996 లో 43 ఏండ్ల వయస్సులోనే మరణించినాడు. అతని కోరికమేరకు అస్థిభస్మాన్ని అతడు రచించిన ఒక కథాసంపుటి ముద్రణకు వాడిన సిరాలో కలిపినారు. ఒక వస్తువుమీద ప్రేమ ఎంతవరకు పోగలదో ఇంతకన్న వేరే చెప్పనక్కరలేదు.

ఒకమారు ఈ వివాదం న్యాయస్థానానికి ఎక్కినది. అదియూ అభిమానులవలన కాదు, సుంకంవలన. అమెరికాలో విదేశాలనుండి తెచ్చే బొమ్మ మనిషిని మాత్రమే పోలి ఉంటే అప్పట్లో నూటికి 12 వంతుల సుంకం ఉండేది. మనిషి కాని ప్రాణిని పోలిన ఆటవస్తువైతే నూటికి 6.8 వంతులు ఉండేది. ఎక్స్-మెన్ బొమ్మలను తెప్పించిన టాయ్ బిజ్ అను సంస్థ, ఇవి మనుష్యుల బొమ్మలు కావు గనుక తక్కువ సుంకమే న్యాయమని దావా వేసినది. 2003 జనవరిలో అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానంలో న్యాయమూర్తి జూడిత్ బార్జిలే ఆ వాదనను అంగీకరించినారు. గోళ్ళు, రెక్కలు, వింత దేహాలు చూచి, ఇవి మానవరూపాలు మాత్రమే అని చెప్పజాలమన్నారు. టాయ్ బిజ్ అప్పటికి మార్వెల్ కుటుంబంలోనిదే. నలభై ఏండ్లుగా మ్యూటంట్లూ మనుష్యులేనని కథలు చెప్పిన ఇంటివారే, కాదని వాదించి గెలిచినారు. అభిమానులు మనసు కష్టపెట్టుకొన్నారంటే వింత లేదు.

చివరగా ఒక సంగతి. 1981 లో క్లేర్‌మాంట్, జాన్ బర్న్ కలసి రచించిన కథ ఒకటి ఈ వరుసలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అందులో భావికాలపు అమెరికాను సెంటినెల్ యంత్రాలు పాలించును. ప్రతి మనిషి దుస్తులమీదా ఒక అక్షరం. శుద్ధమానవునికి ఒకటి, మ్యూటంట్ బీజం దాగియున్నవానికి ఒకటి, మ్యూటంట్‌కు మరొకటి. మొదటి అక్షరం వారికే సంతానం కనే హక్కు. చివరి అక్షరం వారికి చెరసాల. ఆ సంవత్సరమే మాగ్నెటో బాల్యంలో నాజీల మారణశిబిరంనుండి బయటపడినవాడని చెప్పినారు. ఎవరు ఏ తెగవారో పట్టిక వ్రాసిన చేతులు నిజలోకంలో ఏమి చేసినవో రచయిత ఎరుగును, పాఠకులూ ఎరుగుదురు.

కాబట్టి పట్టికలు రెండు రకాలు. ప్రేమతో వ్రాసేది ఒకటి, వెలివేయడానికి వ్రాసేది ఒకటి. మన ఇంటి పిల్లలు ఫలానావాడు ఎక్స్-మెన్‌లో ఉన్నాడా లేడా అని వాదించుకొంటున్నప్పుడు వారు చేసేది మొదటి రకం పని. వారిని ఆపనక్కరలేదు. మీరూ ఒక ప్రశ్న వేసి చూడండి: కరీమాను ఎక్కడ కూర్చుండబెట్టుదురు? ఫ్రాంక్లిన్‌కు వాకిలి తెరవవలెనా, వద్దా? వారి జవాబులో జన్యువుల లెక్క ఎంత ఉన్నదో, దయ ఎంత ఉన్నదో వినండి. భోజనాల బల్ల దగ్గర గడచే ఆ అరగంట వృథా పోదని మా నమ్మకం.